పదికి పది

ప్రొద్దుటూరు,
జూలై.

అనసూయ మేడంకు,

మీరు చెప్పినట్టే తెల్లకాగితానికి ఎడమవైపు వెడల్పుగా మార్జిన్ మడిచి రాస్తున్నాను. మీ ఎర్రసిరాకు ఆ చోటు చాలకపోతే వెనకవైపు కూడా ఖాళీ ఉంది. బడి వదిలి ఇన్నాళ్లయినా నా తప్పులు దిద్దుతానన్నారు, అది నాకు సంతోషం. మా హాస్టల్లో ఆదివారం తప్ప ఫోన్లు ఇవ్వరు. మీ ఇంట్లో ఫోనే లేదన్నారు. నెలకో ఉత్తరం రాయాలన్న మీ షరతు ఇద్దరికీ సరిపోయింది.

నాయన నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టలు దాకా వచ్చాడు. జమ్మలమడుగు బస్సులో పక్కనున్న పెద్దాయన "పాప ఏం సదువుతాది?" అని అడిగితే, దూది ఏకి పరుపులు కుట్టే మా నాయనకు సైకాలజీ అన్న మాటకు నోరు తిరగలేదు. కాసేపు నావైపు చూసి "మనసు డాక్టరు సదువుతాది" అనేశాడు. పెద్దాయన వెంటనే తన చిన్నకోడలు ముభావంగా ఉంటోందని మొదలుపెట్టి, దిగేదాకా నన్ను వదల్లేదు. ఇది బి.ఏ., డాక్టరు చదువు కాదు నాయనా అని ఎంత చెప్పినా, ఇయ్యాల కాకుంటే రేపు అవుతావులే అంటాడు.

నా గదిలో మైదుకూరు అమ్మాయి అర్చన ఉంది. మొదటిరోజే నా ఎదుట కూర్చొని, నా మనసులో ఏముందో చెప్పమంది. ఆకలి అన్నాను. నిజమేనని ఒప్పుకుంది.

మీరు నేర్పింది ఇక్కడ పనికొస్తోంది మేడం. ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు, 'తెలీదు' అన్న మాట జవాబుపత్రంలో కనిపించకూడదు అనేవారు కదా. క్లాసులో అందరికన్నా ముందు నా చెయ్యే లేస్తోంది.

ఒకటి అడగాలి. దరఖాస్తులో నేను మొదట కామర్స్ పెట్టాను. ఈ ఊళ్లో బంగారు అంగళ్లలో ఉద్యోగం దొరుకుతుందని మా అమ్మ ఆశ. మీరు పనిగట్టుకొని పులివెందుల నుంచి వచ్చి, నెట్ సెంటర్లో నా పక్కన కూర్చొని దాన్ని మార్పించారు. మా ఇంట్లో బడిగడప తొక్కిన మొదటిదాన్ని నేను, తొక్కించింది మీరు. మీ మాట కాదనను. కానీ ఎందుకో చెప్పలేదు.

రోహిత్ అన్న ఎలా ఉన్నాడు? మీరు జమ్మలమడుగులో ఉన్నప్పుడు, మీ ఇంటికి ట్యూషనుకు వచ్చే రోజుల్లో నన్ను 'కలెక్టరమ్మా' అని ఏడిపించేవాడు. అలా పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

మీ
నాజియా

*

పులివెందుల,
ఆగస్టు.

నాజియాకు,

నీ ఉత్తరం దిద్ది వెనక్కి పంపుతున్నాను. పదికి ఆరు. అక్షరాలు కుదురుగా ఉన్నాయి, వాక్యాలే పరుగెత్తుతున్నాయి. అడగదలచిన ప్రశ్నను చివర దాచిపెట్టావు. ముందే అడగాలి. 'ముభావం' సరైన చోట వాడావు, దానికి ఒక మార్కు కలిపాను.

కామర్స్ ఎందుకు వద్దన్నానంటావా. అది చదివినవాళ్లు వీధివీధినా ఉన్నారు. ఒంటికి జ్వరమొస్తే నలుగురు వచ్చి చూస్తారు, మనసుకు వస్తే ఇంటివాళ్లే తలుపులు వేస్తారు. అలాంటి తలుపు తట్టగలిగే పిల్ల నా విద్యార్థుల్లో ఒక్కతైనా ఉండాలనిపించింది. ఈ జవాబుతో సరిపెట్టుకో.

మావారు వీరభద్రయ్యగారు పోయి రెండో ఏడు నడుస్తోంది. తహశీల్దారు ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి కదా, ఇంట్లో పని కూడా చడీచప్పుడు లేకుండా చేసేవారు. ఎన్ని పనులు చేసేవారో నాకు ఇప్పుడు తెలిసివస్తోంది. సంహిత బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటోంది. రోహిత్ హైదరాబాదులో బాగానే ఉన్నాడు.

అభ్యాసంగా నీకొక ప్రశ్న ఇస్తున్నాను. మా పక్కింట్లో ఒక అబ్బాయి ఉన్నాడు. ఇంజనీరింగ్ మధ్యలో ఆపేశాడు. గది దాటి రాడు. ఒంటరిగా నవ్వుకుంటాడు, ఎవరో పిలిచినట్టు లేచి కిటికీ దగ్గరికి వెళ్తాడు. ఫోనులోంచి ఎవరో తన మాటలు వింటున్నారని, కనిపించిన ఫోనల్లా పగలగొడతాడట. మీ శాస్త్రంలో దీన్ని ఏమంటారు? ఇంటివాళ్లు ఆ అబ్బాయితో ఎలా మెలగాలి? పూర్తి వాక్యాల్లో రాయి.

అనసూయ

*

ప్రొద్దుటూరు,
సెప్టెంబరు.

మేడంకు,

ముందే అడగమన్నారు కాబట్టి ముందే జవాబు రాస్తున్నాను. మీ పక్కింటి అబ్బాయికి ఉన్నది స్కిజోఫ్రెనియా అనే జబ్బు. ఆ పాఠం మాకు ఇంకా రాలేదు, నేనే లైబ్రరీలో పుస్తకం తీసి చదివాను. అతనికి వినిపించే గొంతులు అతనికి నిజంగానే వినిపిస్తాయి. కాబట్టి ఇంటివాళ్లు వాదించకూడదు, ఎగతాళి చేయకూడదు, గదిలో పెట్టి గొళ్లెం వేయకూడదు. వేళకు తిండి, నిద్ర ఉండేలా చూసుకోవాలి.

ఈ జవాబు రాస్తుంటే నాకు గర్వంగా అనిపించింది. ఇన్నాళ్లూ మీరు అడిగిన ప్రశ్నలకు జవాబులు మీకు ముందే తెలిసి ఉండేవి. మీకు తెలియని ప్రశ్నను మీరు నన్ను అడగడం ఇదే మొదటిసారి.

పోయిన వారం జమ్మలమడుగు వెళ్లాను. మా ఇంటి ముందు పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను కూడా నాయన నా దగ్గరికి పంపిస్తున్నాడు. కూరగాయల గోవిందమ్మ తన అల్లుణ్ని వెంటబెట్టుకొని వచ్చింది. "ఈయనకు కోపం శానా ఎక్కువుండాది, యాడుందో సూసి తీసెయ్యి పాపా" అంది, పుచ్చుపన్ను గురించి చెప్పినట్టు. అల్లుడు తల వంచుకొని మా మేకపిల్లను చూస్తూ కూర్చున్నాడు. నేను పుస్తకంలో చదివినట్టు, కోపం వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా తీసుకోమని చెప్పాను. వాళ్లు వెళ్లాక మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "నాలుగు నెల్లు గాల్యా పోయి, అప్పుడే అల్లుండ్లను బాగుచేస్తాందా?" అంది. నాయన నొచ్చుకున్నాడు. నేనూ నొచ్చుకున్నాను.

మీ పక్కింటివాళ్లకు నా జవాబు ఉపయోగపడిందో లేదో రాయండి.

నాజియా

*

పులివెందుల,
నవంబరు.

నాజియాకు,

పదికి తొమ్మిది. నీ జవాబును పక్కింటావిడకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. వాదించకూడదన్న మాట ఆమెకు బాగా పట్టింది. ఇన్నాళ్లూ కొడుకుతో వాదిస్తూనే ఉందట. నీ అమ్మ మాటకు నొచ్చుకోవద్దు. చదువుకోని తల్లులు పిల్లల చదువుకు భయపడతారు.

ఉత్తరం ఆలస్యమైంది. ఇంట్లో పని. సంహితకు మైదుకూరు నుంచి ఒక సంబంధం వచ్చింది, మంచివాళ్లు. ఎండలు ముదరకముందే ఇంటికి వచ్చి అందరినీ చూసి వెళ్తామన్నారు. అందరినీ అంటే ఇంట్లో ఉన్న ప్రతివాళ్లనూ అని వాళ్ల ఉద్దేశం.

రెండో ప్రశ్న. ఆ పక్కింటి అబ్బాయి కడప డాక్టరు రాసిచ్చిన మాత్రలు చాలా ఏళ్లుగా మింగుతున్నాడు. ఇదివరకు తండ్రి దగ్గరుండి మింగించేవాడు, ఇప్పుడు తల్లి చూసుకుంటోంది. మింగితే గొంతుల గోల తగ్గుతుంది గానీ మనిషి మొద్దులా పడి ఉంటాడు. చేతులు వణుకుతాయి, నోటి చివర చొంగ కారుతుంది. నలుగురిలో కూర్చోబెట్టలేని పరిస్థితి. ఆ ఇంట్లో కూడా త్వరలో చుట్టాలు వచ్చే పని ఉంది. మాత్రలు మానిపించి, నువ్వు రాసినట్టు ప్రేమగా మాట్లాడుతూ నయం చేసుకోలేరా? కడపకు మళ్లీ వెళ్తే ఎవరో ఒకరు చూస్తారని ఆవిడ భయం.

బాగా ఆలోచించి రాయి. ఇది ఆవిడకు ముఖ్యమైన ప్రశ్న.

అనసూయ

*

ప్రొద్దుటూరు,
డిసెంబరు.

మేడంకు,

మీ ప్రశ్న వచ్చిన వారమే మా కాలేజీకి తిరుపతి నుంచి ఒక మేడం వచ్చి ఉపన్యాసం ఇచ్చారు. అది నాకోసమే జరిగినట్టుంది. మనసులోని బాధకు మాత్రలు పైపూత లాంటివని, అవి లక్షణాన్ని అణచిపెడతాయే గానీ కారణాన్ని తీయవని చెప్పారు. చెప్పుకోవడానికి ఒక మనిషి, వినడానికి ఓపిక ఉంటే చాలామంది మందుల్లేకుండానే బాగుపడతారన్నారు. నేను ఒక్క మాట పోకుండా రాసుకున్నాను.

కాబట్టి నా జవాబు ఇది. ఆ అబ్బాయికి మాత్రలు మానిపించవచ్చు. ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తగ్గించాలి. తల్లి రోజూ అతని పక్కన కూర్చొని మాట్లాడాలి, అతను చెప్పేది అడ్డం రాకుండా వినాలి. మొద్దుతనం పోతే అతనిలో ఉన్న అసలు మనిషి బయటికి వస్తాడు. అప్పుడు కారణం కూడా తెలుస్తుంది.

మాకు సైకాలజీ చెప్పే సిరాజుద్దీన్ సార్‌ను ఒకసారి అడిగి రాద్దామనుకున్నాను. సెమిస్టర్ పరీక్షల హడావిడిలో ఆయన దొరకలేదు. అయినా ప్రశ్న వేసింది నాకు కదా అనుకున్నాను.

సంహిత అక్కకు సంబంధం కుదరాలని మా అమ్మ కూడా కోరుకుంటోంది. రోహిత్ అన్న హైదరాబాదు నుంచి వస్తాడు కదా, వస్తే నేను అడిగానని చెప్పండి.

నాజియా

*

పులివెందుల,
ఫిబ్రవరి.

నాజియాకు,

పదికి పది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఈ మార్కులు నేను ఎవరికీ వేయలేదు. భాషకు ఎప్పుడూ ఒకటి మిగుల్చుకునేదాన్ని. ఈసారి మిగల్చలేదు.

నువ్వు రాసినట్టే చేశాం. నెమ్మదిగా తగ్గించి ఆపేశాం. నువ్వు చూడాలి ఆ మనిషిని. చేతుల వణుకు పోయింది. గడ్డం తనే గీసుకుంటున్నాడు. ఒకరోజు పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, చెట్లకు నీళ్లు పోశాడు. సాయంత్రాలు మిద్దెమీద కూర్చొని మాట్లాడుకుంటాం. చిన్నప్పుడు వాళ్ల నాన్న సైకిలు ముందు కూర్చొని చక్రాయపేట వెళ్లిన సంగతి, దారిలో చెప్పు జారిపోయిన సంగతి చెప్పాడు. నేను ఇన్నేళ్లుగా ఆ గొంతు వినలేదు. నిద్ర కాస్త తగ్గింది, అంతే. కుర్రవాళ్లకు అంత నిద్ర అక్కర్లేదు కూడా.

ఈ వైద్యం ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు. నాజియా రాసిందని చెప్పాను. "కలెక్టరమ్మ రాసిందా" అని పకపకా నవ్వాడు.

నీ చదువు వృథా పోలేదు. మీ నాయనతో ఈ మాట నేను అన్నానని చెప్పు.

అనసూయ

*

ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి.

మేడంకు,

మీ ఉత్తరం చేతికి వచ్చిన రోజే తిరిగి రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా లేకపోతే మన్నించండి.

నన్ను కలెక్టరమ్మా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అందుకని ఇక పక్కింటి అబ్బాయి అని రాయను. రోహిత్ అన్న అనే రాస్తాను. మీకు కోపం రావచ్చు.

ఉత్తరం పట్టుకొని సిరాజుద్దీన్ సార్ దగ్గరికి వెళ్లాను. ఊరూ పేరూ చెప్పకుండా సంగతి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నారు. తిరుపతి మేడం మాట్లాడింది మామూలు దిగులు గురించి, పరీక్షల భయం గురించి అన్నారు. ఈ జబ్బు వేరు. దీనికి మాత్రలు ఆపకూడదు. ఆపితే మొదట కొన్నాళ్లు మనిషి తేటగా కనిపిస్తాడు, చేతుల వణుకు, మొద్దుతనం పోతాయి కాబట్టి. తర్వాత జబ్బు ఇంతకుముందు కన్నా గట్టిగా తిరిగి వస్తుంది. నిద్ర తగ్గడం దానికి మొదటి గుర్తు. మాత్రలతో ఒళ్లు మొద్దుబారితే ఆ మాట డాక్టరుకు చెప్పి వేరే మందు రాయించుకోవాలి గానీ మానిపించకూడదు. ఇంత మాత్రం నాకు డిసెంబరులో తెలియదు. తెలియదని నేను రాయలేదు.

నా జవాబు తప్పు మేడం. ఆ పది కొట్టేయండి. రోహిత్ అన్నను వెంటనే కడప పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. సార్ అక్కడి డాక్టరుకు చెప్పి పెడతానన్నారు, ఎవరికీ తెలియకుండా చూస్తారు. మీరు ఊ అంటే నాయన జీపు మాట్లాడుకొని వస్తాడు.

నాజియా

*

పులివెందుల,
మార్చి.

నాజియాకు,

నీ ఉత్తరం అందింది. దిద్దలేదు. కుడిచేతికి కట్టు ఉంది, ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. స్నానాలగదిలో జారిపడ్డాను. వేరే ఏమీ అనుకోవద్దు.

ఒకసారి వేసిన మార్కులు నేను కొట్టేయను. నా కళ్లతో చూసి వేశాను.

వాడు బాగానే ఉన్నాడు. తిండి దగ్గర కొంచెం పేచీ. నేను వండింది తినడు. తొక్క ఉన్నవి మాత్రమే తింటాడు. అరటిపండ్లు, చీనీకాయలు, ఉడకబెట్టని శనక్కాయలు. తొక్క తనే ఒలుచుకోవాలి. పండ్లకు ఈ ఊళ్లో కొరత లేదు కదా.

మైదుకూరు వాళ్లు ఈ నెలాఖరులో వస్తున్నారు. వాళ్లు వచ్చి వెళ్లేదాకా కడప మాట ఎత్తవద్దు. ఆ మాత్రలు మళ్లీ మింగిస్తే వాళ్ల ముందు చొంగ కారుస్తూ కూర్చుంటాడు. అక్క జీవితం వాడి ముఖం మీద ఆధారపడి ఉంది. ఆ తర్వాత నువ్వు చెప్పినట్టే చేస్తాను. అప్పటిదాకా ఓపిక పట్టు. ఎవరితోనూ అనవద్దు. మీ సార్‌తో కూడా.

అనసూయ

*

జమ్మలమడుగు,
మార్చి.

మేడంకు,

నిన్న నేనూ నాయనా చెప్పకుండా మీ ఇంటికి వచ్చినందుకు మీకు కోపం వచ్చింది. పెళ్లివాళ్లు రేపు వస్తుంటే ఏంటిదని మమ్మల్ని సాయంత్రం బస్సుకే పంపించేశారు. మీరు నాతో ఒంటరిగా మాట్లాడలేదు. నేను మాట్లాడబోయినప్పుడల్లా రోహిత్ అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అందుకని రాస్తున్నాను.

మీరు నాయనకు కాఫీ ఇవ్వడానికి లోపలికి తీసుకెళ్లినప్పుడు నేనూ అన్నా వరండాలో ఉన్నాం. చిక్కిపోయాడు మేడం. నన్ను చాలాసేపు చూసి, "నువ్వు నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. ఒక చీనీకాయ ఒలిచి, తొనలన్నీ వెలుతురులో పెట్టి చూసి, సగం నాకిచ్చాడు.

"తొక్క ఉండేదాన్ని నమ్మొచ్చు కలెక్టరమ్మా. అది దేవుడు మూసి పంపించినాడు."

అమ్మ వంట ఎందుకు తినడం లేదని అడిగాను. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఈడ వంట చేసేది అమ్మ గాదు. అమ్మ చీరే కట్టుకుంటాది, అమ్మ మాదిరే మాట్లాడతాది, శానా బాగా నేర్చుకున్యాది. మా అమ్మను యాడ పెట్టినావని ఒకనాడు గట్టిగా అడిగితి. చెప్పల్యా. చెయ్యి మెలిపెడితే ఇరిగింది. మళ్ల అడిగితే మళ్ల అట్లే అయితాది. పాపం, ముసలామె. అందుకని ఈమెను ఇంక అడగను. నేనే పోయి ఎతుక్కుంటా మా అమ్మను."

యాడికి పోతావన్నా అన్నాను. "యాడుంటే ఆడికి" అన్నాడు. అంతలో మీరు వచ్చారు.

బస్సు ముద్దనూరు చేరేదాకా ఆ మాటలే మళ్లీ మళ్లీ తలచుకున్నాను. అక్కడ దిగి వెనక్కి పోదామంటే నాయన, ఆయమ్మ పొమ్మనింది గదా, పొద్దు వాలింది అన్నాడు. నేను గట్టిగా పట్టుపట్టలేదు.

మేడం, అన్న ఇల్లు విడిచి వెళ్లబోతున్నాడు. పెళ్లివాళ్లను రావద్దనండి, వచ్చినా సరే, అన్నను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. తలుపు దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టండి. పోస్టుకు ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం నాయన చేతికిచ్చి మొదటి బస్సుకు పంపుతున్నాను. ఇందులో ఏముందో నాయనకు చెప్పలేదు. ఒకరు మనల్ని నమ్మి చెప్పిన మాట మూడోమనిషికి చెప్పకూడదని మాకు క్లాసులో నేర్పారు. జీపు మాట్లాడమని మీరు నాయనతో ఒక్క మాట అంటే చాలు. నేను ఆసుపత్రి దగ్గర ఉంటాను.

నాజియా

*

పులివెందుల,
ఏప్రిల్.

నాజియాకు,

ఎడమచెయ్యి అలవాటైంది. ఇంతకాలం రాయలేకపోయింది చెయ్యి వల్ల కాదు.

ఆరోజు మీ నాయన రహమతుల్లా వచ్చేసరికి మైదుకూరు వాళ్లు హాల్లో కూర్చొని ఉన్నారు. ఆయన గుమ్మం బయటే నిలబడి, "మేడమ్మా, పాప ఇప్పుడే సదవమన్నాది" అన్నాడు. తర్వాత చూస్తానని ఉత్తరం తీసుకొని తాంబూలం పళ్లెం కింద పెట్టాను. చుట్టాల ముందు చింపితే ఏమిటని అడుగుతారు. వీధి చివర కూర్చోమని, జవాబు ఇస్తానని మీ నాయనకు చెప్పాను.

రోహిత్ తెల్లచొక్కా వేసుకొని వచ్చి కూర్చున్నాడు. అడిగినవాటికి జవాబు చెప్పాడు. చేతులు వణకలేదు. పెళ్లికొడుకు తల్లి నావైపు చూసి తృప్తిగా తల ఊపింది. అప్పుడు లేచి నిలబడి నాతో "మేడం, చుట్టాలకు అరటిపండ్లు తెస్తా" అన్నాడు. టీచరు కొడుకు అమ్మను మేడం అంటాడా అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సంచి తీసుకొని వెళ్లాడు.

వాళ్లు భోజనాలు చేసి వెళ్లాక పళ్లెం తీశాను.

పోలీసులకు చెప్పాం. సంహిత, నేను ముద్దనూరు, కడప, అనంతపురం తిరిగాం. సంబంధం తమకు ఇష్టమేనని మైదుకూరు వాళ్లు కబురు పంపారు. ఆ కబురు మేం స్టేషను మెట్ల మీద కూర్చొని ఉన్నప్పుడు వచ్చింది. సంహిత వద్దని చెప్పేసింది. నాతో మాట్లాడటం లేదు.

నీ మొదటి ఉత్తరంలో ఒక ప్రశ్న అడిగావు. దానికి నేను రాసిన జవాబు సగమే. వాళ్ల నాన్న పోయాక, నా తర్వాత వీణ్ని ఎవరు చూస్తారన్న భయం పట్టుకుంది. బయటివాళ్లకు తెలియకుండా చూసే మనిషి కావాలి. నా మాట జవదాటని పిల్ల కావాలి. నిన్ను అందుకే ఆ చదువులో వేశాను. నువ్వు బంగారు అంగట్లో ఉద్యోగం చేసుకొని ఉంటే నీకు ఈ బరువు ఉండేది కాదు. మాత్రలు మానిపించమన్న జవాబు తప్పని నువ్వే రాసినప్పుడు నేను దిద్దుకోలేదు. నేను వేసిన మార్కులు కదా.

కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. ఇవి అడగడానికి నాకు వేరే ఎవరూ లేరు. మాత్రలు లేకుండా, తొక్క ఉన్నవి మాత్రమే తింటూ వాడు బయట ఎంతకాలం ఉండగలడు? వాడు వెతుకుతున్నది నన్నే. ఎక్కడో నేనే ఎదురుపడితే గుర్తుపడతాడా? ఇంటికి వస్తాడా?

జవాబు రాయి.

అనసూయ

*

ఎర్రగుంట్ల,
మే.

మేడంకు,

పరీక్షలు అయిపోయాయి. సెలవుల్లో నాయన, నేను రోజూ ఎర్రగుంట్ల స్టేషనుకు వస్తున్నాం. ఈ ఉత్తరం ప్లాట్‌ఫారం మీద కూర్చొని రాస్తున్నాను. సంహిత అక్క పంపిన ఫోటోను ఆగిన ప్రతి రైల్లోవాళ్లకూ చూపిస్తున్నాం. సిమెంటు లారీల డ్రైవర్లకు కూడా ఇచ్చాం. పండ్లు అమ్మేవాళ్లను ప్రత్యేకంగా అడుగుతున్నాం. చీనీకాయలు అమ్మే ఒకామె ఇలాంటి అబ్బాయిని చూసినట్టుందంది, మళ్లీ లేదంది.

మీకు చెప్పనిది ఒకటుంది. ఆరోజు నాయన మీ వీధి చివర టీ అంగడి దగ్గర జవాబు కోసం కూర్చొని ఉండగా, రోహిత్ అన్న సంచి పట్టుకొని ఎదురొచ్చాడట. యాడికప్పా అని నాయన అడిగితే అరటిపండ్లకు అన్నాడట. బిర్నా రాప్పా, లేటు చెయ్యొద్దు అని నాయన దారి ఇచ్చాడు. ఉత్తరంలో ఏముందో ఆయనకు నేను చెప్పి ఉంటే చెయ్యి పట్టుకొని ఆపేవాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాయన పరుపులు కుట్టడం మానేశాడు. ఎవరైనా నన్ను చూపించి మనసు డాక్టరా అని అడిగితే ఆయన లేచి అవతలికి పోతున్నాడు.

నేను చదువు మానేస్తానన్నాను. మా అమ్మ వినలేదు. "మానుకుంటే ఆ పిల్లోడు వస్తాడా? పో, కాలేజికి పో" అంది. రెండో ఏడుకు వెళ్తున్నాను. ఆ జబ్బు పాఠం ఈ ఏడే ఉంది.

మీ మీద నాకు కోపం ఉందో లేదో ఇంకా ఆలోచిస్తున్నాను. అయినా ఉత్తరాలు రాస్తాను. శుక్రవారం నాయనను తీసుకొని వస్తాను, ఈసారి తలుపు దగ్గర నుంచి పంపించకండి.

మీ ప్రశ్నలకు జవాబులు.

మాత్రలు లేకుండా రోహిత్ అన్న బయట ఎంతకాలం ఉండగలడో నాకు తెలీదు.

ఎదురుపడితే మిమ్మల్ని గుర్తుపడతాడో లేదో నాకు తెలీదు.

ఇంటికి వస్తాడో రాడో నాకు తెలీదు మేడం.

పూర్తి వాక్యాల్లోనే రాశాను. మార్జిన్ వదిలాను.

నాజియా